రోజూ ఒక పేజీ: పిల్లల ప్రశ్నను నోటుబుక్కులో నిలబెట్టడం ఎలా

"ఈ రోజు నేను ఉదయం ఆరు గంటలకు లేచాను. పళ్ళు తోముకున్నాను. స్నానం చేశాను. అన్నం తిని బడికి వచ్చాను." మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను రోజూ డైరీ రాయమంటే రెండో వారానికల్లా చాలా నోటుబుక్కుల్లో కనిపించేది ఇదే. తేదీ మారుతుంది, మిగతాదంతా నిన్నటిదే. టీచర్ సంతకం పెడతారు, పిల్లలు పేజీ తిప్పుతారు, నెల తిరిగేసరికి ఆ పని ఆగిపోతుంది. ఆ తర్వాత "మా పిల్లలకు ఆసక్తి లేదండీ" అన్న మాట వినిపిస్తుంది. కానీ అదే పిల్లలు బడి గోడ మీద తొండ తల ఎందుకు ఆడిస్తోందని గుంపుగా నిలబడి వాదించుకుంటారు. ఆ వాదన నోటుబుక్కులోకి రావడం లేదంటే, లోపం నోటుబుక్కును నడిపే తీరులో ఉంది.

చిక్కు ఎక్కడుందంటే, రోజూ రాయించడం అనే పేరు కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోయాయి. ఒకటి దస్తూరి కుదరడానికి చేయించే చూచిరాత. రెండోది జరిగినవి గుర్తు చేసుకుని రాసే దినచర్య. మూడోది కంటితో చూసినదాన్ని పట్టుకుని ఆలోచించడం, అడగడం. మూడూ కావలసినవే. అయితే మూడింటినీ ఒకే నోటుబుక్కులో, ఒకే పది నిమిషాల్లో, ఒకే ఎర్ర పెన్నుతో నడిపిస్తే మొదటిది మిగతా రెండింటినీ మింగేస్తుంది. దిద్దేవాళ్ళ కంటికి ముందు ఆనేది అక్షరం, ఒత్తు, దీర్ఘం. నాలుగు రోజులు ఎర్ర గీతలు పడ్డాక పిల్లలు తమకు తప్పు లేకుండా రాయడం వచ్చిన వాక్యాలే రాస్తారు. "పళ్ళు తోముకున్నాను" అనే వాక్యంలో ప్రమాదమేమీ లేదు. "తొండ గొంతు కింద ఎర్రగా ఉబ్బింది" అని రాయాలంటే ఉబ్బింది అన్న మాటకు ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియాలి. భయపడిన పిల్లవాడు తొండనే వదిలేస్తాడు.

పిల్లలకు ప్రశ్నలు లేకపోవడం అన్నది ఉండదు. బ్రిటన్‌లో బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ అనే పరిశోధకులు నాలుగేళ్ళ ఆడపిల్లల మాటలను ఇంట్లోనూ నర్సరీ బడిలోనూ రికార్డు చేసి 1984లో ఫలితాలు ప్రచురించారు. ఇంట్లో తల్లిని గంటకు సగటున 26 ప్రశ్నలు అడిగిన ఆ పిల్లలే బడిలో టీచర్‌ను అడిగినవి గంటకు రెండు. పిల్లలు వాళ్ళే, మారింది చోటు. మన తరగతి గదుల్లో కూడా అడగడం టీచర్ పని, జవాబు అప్పజెప్పడం పిల్లల పని. పాఠం చివరి ప్రశ్నలకు గైడులో జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఈ అలవాటును తిరగేయడానికి రోజూ పది పన్నెండు నిమిషాలు కేటాయించడమే ప్రశ్నల నోటుబుక్కు అసలు ఉద్దేశం.

నోటుబుక్కు, సమయం

ఒక పక్క తెల్లకాగితం, ఒక పక్క రూళ్ళు ఉండే సైన్సు నోటుబుక్కు దీనికి బాగా సరిపోతుంది. తెల్ల పక్క బొమ్మ, రూళ్ళ పక్క రాత. అది దొరక్కపోతే మామూలు రూళ్ళ నోటుబుక్కులోనే పేజీలో పై మూడో వంతు బొమ్మకు వదలాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు. రోజుకో పేజీ చొప్పున 200 పేజీల నోటుబుక్కు ఒకటి ఏడాదికి సరిపోతుంది. ఒకవైపు రూళ్ళదైతే బొమ్మకూ రాతకూ కలిపి రోజుకు రెండు పేజీలు పోతాయి కాబట్టి అలాంటివి రెండు కావాలి. పెన్సిలే వాడాలి, రబ్బరు మాత్రం పక్కన పెట్టించాలి. తప్పనిపిస్తే ఒక అడ్డగీత కొట్టి పక్కనే రాసుకోవాలి. ముందు ఏమనుకున్నారో, తర్వాత ఏమని మార్చుకున్నారో కనిపించడం ఈ నోటుబుక్కుకు ప్రాణం. రబ్బరు ఆ జాడను చెరిపేస్తుంది, పైగా ఉన్న కాసేపట్లో సగం తినేస్తుంది.

ఈ పనికి 12 నిమిషాలు చాలు. మొదటి రెండు నిమిషాలు మాట లేకుండా చూడటం లేదా గుర్తు తెచ్చుకోవడం, తర్వాతి ఏడు నిమిషాలు బొమ్మ, రాత, చివరి మూడు నిమిషాలు పక్కవాళ్ళకు చదివి వినిపించడం. ప్రార్థన అయ్యాక మొదటి పీరియడ్ మొదట్లో పెడితే బడికి నడిచి వచ్చిన దారి ఇంకా కళ్ళలో ఉంటుంది. ఆఖరి పీరియడ్‌లో మాత్రం పెట్టకండి. అందరి చూపూ గంట మీద ఉంటుంది, ఆ పేజీలు "ఈ రోజు ఏమీ లేదు" అన్నంతలోనే ముగుస్తాయి. దీన్ని ఇంటిపనిగా ఇవ్వడం అంతకంటే చెడ్డది. అమ్మ చెబుతుంది, అక్క రాస్తుంది, ఫోన్‌లో వెతికి నాన్న పూర్తి చేస్తాడు. నాలుగో తరగతి పిల్లవాడి పేజీలో "కిరణజన్య సంయోగక్రియ" ఉండి, ఆకు బొమ్మ లేకపోతే అది ఎవరి రాతో వెంటనే తెలిసిపోతుంది.

ఎంత రాయాలి? ఒకటి, రెండు తరగతులకు బొమ్మ, దాని కింద ఒక మాట, నోటితో చెప్పిన ప్రశ్న. ఆ ప్రశ్నను టీచర్ గానీ ఐదో తరగతి పిల్లలు గానీ కింద రాసి పెట్టాలి. ఏకోపాధ్యాయ బడుల్లో పెద్దపిల్లలకు ఈ పని అప్పజెబితే వాళ్ళు విన్నది విన్నట్టు రాయడం కూడా నేర్చుకుంటారు. మూడో తరగతికి మూడు వాక్యాలు చాలు, ఐదో తరగతికి ఆరు నుంచి ఎనిమిది. ఎక్కువ రాసినవాళ్ళను మెచ్చుకోవడం మొదలుపెడితే పిల్లలు వాక్యాలు సాగదీస్తారు, చూడటం మానేస్తారు.

పేజీలో మూడు గళ్ళు

తేదీ, సమయం, చోటు పైన రాశాక ప్రతి పేజీలో మూడు భాగాలు ఉండాలి: చూసింది, అనుకుంటున్నది, అడగాలనుకున్నది. ఈ వరస మార్చకూడదు. నేరుగా "ఒక ప్రశ్న రాయండి" అంటే పిల్లలు పుస్తకంలోని ప్రశ్నలే రాస్తారు: "మన రాష్ట్ర పక్షి ఏది?" వాళ్ళకు దాని మీద కుతూహలం లేదు, ప్రశ్న అంటే అలాగే ఉండాలని అలవాటైంది. ముందు చూసింది రాస్తే ప్రశ్న దానంతట అదే పుడుతుంది.

చూసినదానికీ అనుకుంటున్నదానికీ తేడా పట్టుకోవడం పిల్లలకు కష్టం. నిజానికి పెద్దలకూ కష్టమే. "చీమలు ఆకలితో పోతున్నాయి" అని రాస్తారు. ఆకలిని ఎవరూ చూడలేదు. చూసింది చీమలు గోడవారగా ఒకే వరసలో పోవడం, వాటిలో కొన్ని నోట కరచుకుని తెల్లటి ముక్క మోయడం. మొదటి రెండు వారాలూ ఈ ఒక్క తేడా మీదే పని చేయాలి. బోర్డు మీద రోజూ ఒక వాక్యం రాసి, అది ఏ గడిలోకి వస్తుందో పిల్లలనే తేల్చమనాలి. ఇది తెలుగు పాఠమూ అవుతుంది, సైన్సు పాఠమూ అవుతుంది.

ఒక పేజీని దగ్గరగా చూద్దాం. నాలుగో తరగతి అమ్మాయి ఇలా రాసిందనుకోండి. చూసింది: "సాయంత్రం మా ఇంటి ముందు చింతచెట్టు ఆకులు ముడుచుకున్నాయి. పొద్దున విచ్చుకుని ఉన్నాయి." అనుకుంటున్నది: "చీకటి పడితే చెట్టు నిద్రపోతుంది." అడగాలనుకున్నది: "చీకటి పడిందని చెట్టుకు ఎలా తెలుసు?"

దీని కింద టీచర్ రాయగలిగినవి చాలా ఉన్నాయి. "గుడ్" అని రాస్తే కథ అక్కడితో అయిపోయింది. ఆకు కాడ మొదట్లో ఉండే ఉబ్బెత్తు భాగంలో కణాలు నీరు నింపుకోవడం, వదలడం వల్ల ఆకులు కదులుతాయని పూర్తి వివరణ రాసినా కథ అయిపోయినట్టే. జవాబు సరైనదే, కానీ పిల్లకు ఇక చెట్టు దగ్గరకు వెళ్ళే పని లేదు. "ఏ సమయానికి ముడుచుకున్నాయి? అప్పటికి ఎండ ఉందా?" అని ఒక్క వాక్యం రాస్తే ఆ సాయంత్రం ఆమె గడియారం చూసుకుంటూ చెట్టు కింద నిలబడుతుంది. సూర్యుడు పూర్తిగా దిగకముందే ముడుచుకోవడం మొదలైందని గమనిస్తే, చీకటి పడటం వల్లే అన్న తన ఊహను తనే అనుమానించాలి. అప్పుడు రెండో వాక్యం: "వేపాకు కూడా ఇలాగే చేస్తుందా?" వేప, మామిడి ఆకులు ముడుచుకోవు. తంగేడు, అవిసె, దిరిసెన ముడుచుకుంటాయి. వారం తిరిగేసరికి ఆమె దగ్గర ఒక పట్టిక ఉంటుంది. కుండీలో అత్తిపత్తి మొక్క ఉంటే ఒక పగలంతా బీరువాలో పెట్టి చూడవచ్చు.

అత్తిపత్తి లాంటి మొక్కతో సరిగ్గా ఈ పనే 1729లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ద మెరాన్ చేశాడు. వెలుతురు లేని చోట పెట్టినా ఆకులు పగలు విచ్చుకుని రాత్రి ముడుచుకుంటున్నాయని చూశాడు. జీవుల లోపలే ఒక గడియారం ఉందన్న ఆలోచనకు అది తొలి ఆధారాల్లో ఒకటి. ఆ గడియారం ఎలా నడుస్తుందో పండ్ల ఈగల్లో కనిపెట్టినందుకు 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. "చెట్టుకు ఎలా తెలుసు?" అన్న ప్రశ్న చిన్నదని ఎవరైనా అనుకుంటే వాళ్ళకు ఈ సంగతి చెప్పాలి. అయితే ఈ కథ పిల్లకు పట్టిక పూర్తయ్యాక చెప్పాలి. ముందే చెబితే ఆమె చూడబోయేదాన్ని మనం చూసేసినట్టవుతుంది.

టీచర్ రాసే ఒక్క వాక్యం

ఈ పని మొత్తం ఆ ఒక్క వాక్యం మీద నిలబడుతుంది. అది పిల్లలను మళ్ళీ ఆ వస్తువు దగ్గరకు పంపాలి. "ఎన్ని ఉన్నాయి?", "రేపు అదే సమయానికి చూడు", "ఇంకో చోట కూడా ఇలాగే ఉందా?", "ఇది నువ్వు చూసిందా, అనుకున్నదా?", "నువ్వు అనుకున్నది తప్పని తేలాలంటే ఏం కనిపించాలి?" ఇలాంటివి పది పన్నెండు వాక్యాలు చేతిలో ఉంటే ఏడాదంతా నడుస్తుంది. "ఎందుకు?" అని మాత్రం తొందరపడి అడగవద్దు. ఎందుకు అని అడిగితే పిల్లలు ఊహించి ఏదో ఒకటి చెప్పేస్తారు. ఎన్ని, ఎప్పుడు, ఎక్కడ అని అడిగితే వెళ్ళి చూస్తారు.

నలభై మంది నోటుబుక్కులు రోజూ చదవడం ఎవరివల్లా కాదు, చదవకూడదు కూడా. ఆ భారంతోనే చాలామంది టీచర్లు మూడో వారంలో చేతులెత్తేస్తారు. రోజుకు ఎనిమిది, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు జట్లు. ఒక్కోదానికి రెండు నిమిషాలు చొప్పున రోజుకు పావుగంట. ప్రతి పిల్లకూ వారానికి ఒకసారి జవాబు వస్తుంది. మిగతా రోజుల్లో పక్కవాళ్ళు వింటారు, ఒక ప్రశ్న వేస్తారు. శనివారం ఇష్టమున్నవాళ్ళు ఐదారుగురు తరగతికి చదివి వినిపిస్తారు.

అక్షరదోషాల సంగతికి వస్తే, ఈ నోటుబుక్కులో దిద్దకూడదన్నది మా గట్టి అభిప్రాయం. పిల్లవాడు "చిమలు గోడ ఎకుతునాయి" అని రాస్తే కింద టీచర్ "చీమలు గోడ ఎక్కుతున్నాయా, దిగుతున్నాయా? రెండూనా?" అని రాయాలి. సరైన రూపం వాడి కళ్ళ ముందే ఉంది, మర్నాడు వాడు దాన్ని చూసే రాస్తాడు. ఎక్కువమందిలో కనిపించే తప్పులు, ముఖ్యంగా ద్విత్వాలు, దీర్ఘాలు, వేరే కాగితం మీద ఎక్కించుకుని తెలుగు పీరియడ్‌లో ఉక్తలేఖనంగా ఇవ్వాలి. తప్పు వదిలేసినట్టు కాదు, దిద్దే చోటు మార్చినట్టు.

భాష విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పిల్లలు ఇంట్లో వాడే మాటే పేజీలోకి రావాలి. ఇంగ్లిష్ మీడియం బడుల్లో ఈ నోటుబుక్కును ఇంగ్లిష్‌లోనే రాయాలని పట్టుబడితే మూడో తరగతి పిల్ల "ద లీఫ్ ఈజ్ గ్రీన్" దగ్గరే ఆగిపోతుంది. ఆమె చూసింది అంతకు పదింతలు ఉంటుంది, రాయడానికి మాట లేదు. తెలుగులో రాయనివ్వండి, తెలిసిన ఇంగ్లిష్ మాటలు కలిస్తే కలవనివ్వండి. ఆదిలాబాద్ వైపు గోండు పిల్లలు, భద్రాచలం చుట్టుపక్కల కోయ పిల్లలు, పార్వతీపురం మన్యంలో సవర పిల్లలు చెట్టు పేరు, పురుగు పేరు తమ మాటలోనే తెలుగు అక్షరాలతో రాయవచ్చు. అడవి గురించి వాళ్ళ ఇళ్ళలో ఉన్న తెలివిడి మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అది పేజీ మీదకు రావాలంటే దారి అదే.

అడిగిన ప్రశ్నలను ఏం చేయాలి

నెలలో నలభై మంది నుంచి కొన్ని వందల ప్రశ్నలు వస్తాయి. అన్నింటికీ జవాబు చెప్పాలని టీచర్ అనుకుంటే మునిగిపోతారు. శనివారం పిల్లలతోనే వాటిని విడదీయించాలి: మళ్ళీ చూస్తే తెలిసేవి, చేసి చూస్తే తెలిసేవి, ఎవరినైనా అడిగితే తెలిసేవి, పుస్తకంలో వెతకాల్సినవి. "కుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి?" అన్నది చేసి చూసేది. రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్ళు పోసి ఒకదానికి తడిగుడ్డ చుట్టి, గాలి తగిలే నీడలో గంటసేపు ఉంచి, వేలు పెట్టి చూస్తే సగం జవాబు దొరుకుతుంది. "మిరపకు బొబ్బర తెగులు ఎందుకు వస్తుంది?" అన్నదానికి ముందుగా వెళ్ళాల్సింది పొలంలో ఉన్న తాత దగ్గరకు. ఏ గుంపులోకీ రానివి గోడ మీద చార్టులో ఉంటాయి. తెలియనిదాన్ని తెలియదని టీచర్ ఒప్పుకుని, ఎలా తెలుసుకుందామో పిల్లలతో కలిసి ఆలోచించడం ఇక్కడ మొహమాటపడాల్సిన విషయం కాదు.

ప్రశ్నలకు ఒక చిరునామా ఉండటం ఎంత పని చేస్తుందో మధ్యప్రదేశ్‌లో చూశారు. 1972లో హోషంగాబాద్ జిల్లాలో 16 ప్రాథమికోన్నత బడుల్లో మొదలైన విజ్ఞాన శిక్షణ కార్యక్రమంలో 'సవాలీరామ్' అనే కల్పిత వ్యక్తికి పిల్లలు ప్రశ్నలతో ఉత్తరాలు రాసేవాళ్ళు, తిరిగి జవాబులు వచ్చేవి. ఆ కార్యక్రమం 2002 దాకా నడిచింది. మన బడుల్లో ఒక అట్టపెట్టె, దానికి పిల్లలే పెట్టుకున్న పేరు చాలు.

కొన్ని ప్రశ్నలు నెలల తరబడి నడవాలి. వాటిలో నీడ కర్ర మేలైనది. బడి ఆవరణలో ఒక మీటరు కర్రను నిటారుగా పాతి, వారానికో రోజు మధ్యాహ్నం 11:30 నుంచి 12:40 దాకా ఐదు నిమిషాలకోసారి నీడ కొసకు గుర్తు పెట్టి, అన్నింటిలో పొట్టి నీడను కొలవాలి. హైదరాబాద్‌లో జూన్ 21 ప్రాంతంలో అది దాదాపు 11 సెంటీమీటర్లు, దక్షిణం వైపు పడుతుంది. ఆగస్టు 3 ప్రాంతంలో నీడ కర్ర మొదట్లోనే ఉండిపోతుంది, అదీ గడియారంలో 12:20 దాటాక. ఆ తర్వాత నీడ ఉత్తరం వైపు తిరుగుతుంది. సెప్టెంబరు 23 నాటికి 31 సెంటీమీటర్లు, డిసెంబరు 21కి 86. దక్షిణాన ఉన్న తిరుపతిలో నీడ మాయమయ్యే రోజు ఆగస్టు మధ్యలో వస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకు సూర్యుడు నడినెత్తిన ఉంటాడని మనమంతా అనే మాట ఏడాదిలో రెండు రోజులే నిజమని, ఆ రెండు రోజులూ గడియారం పన్నెండు చూపించదని పిల్లల నోటుబుక్కే చెబుతుంది. వానాకాలం మబ్బులతో కొన్ని వారాలు పోతాయి. ఆ గడి ఖాళీగా వదిలి "మబ్బు" అని రాయించండి. ఊహించి నింపనివ్వవద్దు.

ఎక్కడ చెడుతుంది

మూడో వారంలో చాలామంది "రాయడానికి ఏమీ లేదు" అంటారు. అప్పుడు విషయాల జాబితా ఇచ్చేకంటే చూసే చోటు కుదించడం మేలు. రెండు మీటర్ల దారం ఒక్కొక్కరికి ఇచ్చి, నేల మీద గుండ్రంగా పరిచి, వారమంతా ఆ వలయంలో ఉన్నదే చూడమనాలి. మొదటి రోజు గడ్డి, మట్టి అంటారు. నాలుగో రోజుకు పురుగు తిన్న ఆకు, కొత్త మొలక, నిన్న లేని రంధ్రం కనిపిస్తాయి. ఎవరి వలయం వాళ్ళదే కాబట్టి పక్కవాడి పేజీ చూసి రాసే సమస్య కూడా అక్కడితో తీరుతుంది.

మార్కులు దీన్ని చంపేస్తాయి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే చదువు సాగుతుండగానే బడిలో చేసే మదింపులో, పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు అనే అంశం ఉంది కదా, ఈ నోటుబుక్కును అందులో చూపిద్దాం అనిపించడం సహజం. పిల్లలు ప్రశ్నలు అడుగుతున్నారని టీచర్ తన గమనికల్లో రాసుకోవచ్చు. నోటుబుక్కు మీద అంకె పడిన రోజు నుంచి మాత్రం అందరూ క్లాసు ఫస్టు రాసినట్టే రాస్తారు. అందమైన నోటుబుక్కుకు బహుమతి అన్నా ఇదే జరుగుతుంది. స్కెచ్ పెన్నులతో అంచులు దిద్దుతారు, లోపల ఏమీ ఉండదు.

ఇంకో సంగతి, తేలిగ్గా తీసుకోకూడనిది. రోజూ రాసే చోట ఇల్లు కూడా వస్తుంది. నాన్న తాగి కొట్టాడనో, ఎవరో భయపెడుతున్నారనో ఒక పేజీలో కనిపించవచ్చు. పిల్ల అనుమతి లేకుండా ఏ పేజీనీ తరగతిలో చదవకూడదన్న నియమం మొదటి రోజే చెప్పాలి. ప్రమాదం ఉందనిపిస్తే ఆ పిల్లతో విడిగా మాట్లాడి, హెచ్ఎంకు చెప్పి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. దాన్ని కప్పిపుచ్చుతామని పిల్లకు మాట ఇవ్వకూడదు.

ఫలితం ఉందో లేదో తేల్చుకోవడానికి ప్రశ్నలు లెక్కపెడితే ప్రయోజనం తక్కువ. ఒకే పిల్ల జూన్, సెప్టెంబరు, జనవరి పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. సమయం, కొలత, అంకె వచ్చి చేరాయా? ఒకే వస్తువు దగ్గరకు రెండోసారి, మూడోసారి వెళ్ళిందా? అనుకుంటున్నది అన్న గడిలో కొట్టివేత గీత, దాని పక్కన కొత్త ఊహ ఉన్నాయా? పక్కవాళ్ళ ప్రశ్న తన పేజీలోకి వచ్చిందా? ఈ నాలుగింటిలో రెండు కనిపించినా పని సాగుతున్నట్టే. జనవరిలో కూడా ఏదీ కనిపించకపోతే ముందు పిల్లల పేజీల మీద టీచర్ రాసిన వాక్యాలు తిరగేయండి. ఎక్కువ చోట్ల అవి పిల్లలను ఎక్కడికీ పంపని వాక్యాలై ఉంటాయి.

ఏప్రిల్‌లో నోటుబుక్కును పాత పుస్తకాలతో పాటు తూకానికి వేయకుండా చూడాలి. జూన్‌లో పై తరగతికి వెళ్ళాక పిల్లలు దాన్ని తెచ్చుకుని, జవాబు దొరకని ఒక ప్రశ్న ఎంచుకుని, కొత్త నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోవాలి. కొత్త టీచర్‌కు ఆ పిల్లలు ఎవరో ఆ మొదటి వారంలోనే తెలుస్తుంది.